థేడీ తాలూకు వాళ్ళు

మా అమ్మాయి ఈమర్ బ్యాండు పేరు 'వంకర గేటు'. నవ్వకండి, నవ్వాల్సినంత నేనే నవ్వేశాను. ఒక ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు, ఒక ఫిడేలు, మధ్యలో మా పిల్ల. దాని చేతుల్లో రెండు అరచేతుల మధ్య ఇమిడే తిత్తి పెట్టె, కాన్సర్టీనా. నోట్లో మా ముత్తాతల నాటి పాటలు. ఆ పాటలకు కరెంటు పెట్టి, వేగం పెంచి పాడుతుంటే క్లేర్ జిల్లాలో ఏ పబ్బులోనూ ఎవరూ కుర్చీలో కుదురుగా కూర్చోరు. ఈ సంగతి నాకు వినికిడి మీద తెలుసు. కళ్ళారా చూడ్డానికి ఏడాదిపాటు వెళ్ళలేదు.

పిలవలేదా అంటే పిలిచింది. బతిమాలింది. "ఒక్కసారి రావే అమ్మా, మిగతా అందరి అమ్మలూ వస్తున్నారు" అంది. ఒకసారి నడుం నొప్పి అన్నాను. ఒకసారి గొర్రెలు ఈనే రోజులన్నాను. ఒకసారి చర్చిలో పూలు పెట్టే వంతు నాదేనన్నాను. వంతు నాది కాదని ఊరందరికీ తెలుసు, దానికీ తెలుసు. చివరికి అది అడగడం మానేసింది. మానేసినందుకు ఊపిరి పీల్చుకున్నాను, ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి.

నేను తప్పించుకున్నది ఒక్క పాట నుంచి. వాళ్ళకు పేరు తెచ్చిన పాట అదే. కిల్‌బ్రాకా ఊరివాడు ఒక ముసలాయన ఎప్పుడో తన వంటింట్లో కూర్చుని పాడితే ఎవరో క్యాసెట్టులో పట్టుకున్నారు. ఆ క్యాసెట్టు మా పిల్ల కంట పడింది. పాట 'షాలు థేడీ' మీద. ఇంగ్లండు వాళ్ళు మా మీదికి వదిలిన టాన్లనే సిపాయిలు లారీల్లో తిరుగుతూ ఇళ్ళు తగలబెడుతున్న రోజుల్లో, వాళ్ళ మీద తిరగబడ్డ థేడీ, అతని స్నేహితుడు ఒక ఇంట్లో దాక్కున్నారు. లారీ వచ్చి ఆగింది. థేడీ వాళ్ళమ్మ లంగా కట్టుకుని, షాలు నెత్తిన కప్పుకుని, కోడిపెట్టను చంకన పెట్టుకుని, ముసలవ్వలాగ వంగి సిపాయిల మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయాడు. స్నేహితుడు దొరికిపోయాడు. జైల్లో కాలు విరగ్గొట్టారు. ఆ స్నేహితుడి అన్నగారు కట్టిన పాట అది.

అమ్మ షాలు కప్పుకున్నాడు, కోడిపెట్టను ఎత్తుకున్నాడు,
అయ్యో థేడీ, అవ్వలాగ వంగి వంగి నడిచినాడు.

క్యాసెట్టులో ఆ ముసలాయన పాట ఎత్తుకునే ముందు గొంతు సవరించుకుని, "థేడీ తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా లోపల?" అని అడుగుతాడు. ఎవరో, "లేరు, పాడు" అంటారు. అప్పుడు పాడతాడు. మా వైపు అది మర్యాద. ఒకరి మీద కట్టిన పాట పాడేముందు గదంతా ఒకసారి కలయజూడాలి. ఆ ఇంటివాళ్ళు ఒక్కరున్నా పాడకూడదు. "ఉన్నాం" అని ఒక్క మాట అంటే చాలు, ఇంకో పాట ఎత్తుకుంటారు, మళ్ళీ ఆ ఊసెత్తరు. మా పిల్లకూ దాని సావాసగాళ్ళకూ ఈ మర్యాద భలే తమాషాగా కనిపించింది. దాన్ని ఆటలో కలిపేశారు. ఈమర్ మైకు పట్టుకుని అడుగుతుంది, జనం "లేరు" అని కేకేస్తారు. మళ్ళీ అడుగుతుంది, ఇంకా గట్టిగా కేకేస్తారు. పైకప్పు లేచిపోయాక డ్రమ్ములు మొదలవుతాయి.

థేడీ తాలూకు వాళ్ళం మేమే. థేడీ మా తాత, మా అమ్మను కన్న తండ్రి.

ఈ సంగతి మా పిల్లకు తెలియదు. నేను చెప్పలేదు. తాత కిల్‌బ్రాకాలో ఉండలేక జిల్లాకు ఈ చివరకొచ్చి స్థిరపడ్డాడు. ఊరైతే మారాడు గానీ పాట ఆయన వెనకాలే వచ్చింది. మా అమ్మ నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచింది ఆయనే. వానలో తడిసి బడినుంచి వస్తే నా మేజోళ్ళు విప్పి పొయ్యి దగ్గర ఆరేసి, నా పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని వేడెక్కేదాకా రుద్దేవాడు. సాయంత్రం తలుపు గడియ పెట్టుకుని కాన్సర్టీనా వాయించేవాడు. గడియ తీసి ఉంటే వాయించేవాడు కాదు. ఒకరోజు బడిలో ఒక పిల్ల నా వెనకాల నిలబడి కోడిలా కూసింది. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియక ఇంటికొచ్చి తాతనే అడిగాను. ఆయన దాచలేదు. "భయమేసిందమ్మా. వాణ్ణి వదిలేసి వెళ్ళిపోయాను" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు, తన తరఫున ఒక్క సాకు వెతుక్కోలేదు.

ఆ రోజునుంచి నేను బడికి వెళ్ళేటప్పుడు ఆయన్ను గేటు దాకా కూడా రానివ్వలేదు. పెళ్ళయి లెనిహన్ వారి కోడలినయ్యాక థేడీ మనవరాలినన్న గుర్తు పోయిందని హాయిగా నిద్రపోయాను. ఆయన పోతే సమాధి రాయి మీద 'టిమొతీ' అని చర్చి పుస్తకంలో ఉన్న అసలు పేరే చెక్కించాను. థేడీ అన్న పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. ఆయన కాన్సర్టీనా అటక మీద దొరికి పిల్ల అడిగితే, సంతలో పాత సామాన్లలో కొన్నదని చెప్పాను. ఇప్పుడు పిల్ల ఆ పాటను వాయిస్తున్నది ఆ పెట్టె మీదే. తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుంది.

అలా ఎన్నాళ్ళయినా గడిపేద్దును. నోనీ పిన్ని సాగనివ్వలేదు. మా అమ్మ చెల్లెలు, తాతకు మిగిలిన ఒక్క కూతురు. ఎనభై దాటింది. కర్ర పట్టుకుని నడుస్తుంది గానీ చెవులు మాత్రం పాము చెవులు. ఆగస్టులో ఒక ఉదయం ఫోను చేసింది.

"ఆదివారం కిల్‌బ్రాకాలో సంబరమట. మధ్యాహ్నం పబ్బులో మన పిల్ల పాట ఉందట. రేడియోలో చెప్పారు. నన్ను తీసుకెళ్ళు."

అన్ని ఊళ్ళూ వదిలేసి కిల్‌బ్రాకా. "పిన్నీ, ఆ గోల నువ్వు భరించలేవు" అన్నాను.

"గోల కోసమే వస్తానంటున్నా. నిశ్శబ్దం నా ఇంట్లో బోలెడుంది."

"కారు సరిగ్గా నడవటం లేదు."

"మొన్న ఎన్నిస్ బజారులో నీ కారు చూశానే. నడుస్తూనే ఉంది. నాకు పిల్ల ఎక్కువా, నీకు నీ కారు ఎక్కువా?"

ఆవిడతో మాట గెలిచినవాళ్ళు లేరు. ఆదివారం ఆవిడను ఎక్కించుకుని బయల్దేరాను. మా ఆయన టీవీలో హర్లింగ్ ఆట ఉందని ఇంట్లోనే ఉండిపోయాడు, అదృష్టవంతుడు. పిన్ని చర్చికి వేసుకునే కోటు వేసుకుంది, మెడలో ముత్యాలు. దారిలో నేను మెల్లిగా విషయం ఎత్తాను.

"పిన్నీ, అది అక్కడ ఒక పాట పాడుతుంది."

"తెలుసు. రేడియోలో విన్నా."

"విన్నావా? మరి ఎందుకొస్తున్నావు?"

"అడుగుతోంది కదా పిల్ల, థేడీ తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా అని." కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ చెప్పింది. "నేను పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ అలా అడగలేదు డింప్నా. వెనకాల గుసగుసలాడారు, ముందర నవ్వారు. అడగటం మాత్రం అడగలేదు. అడిగినప్పుడు జవాబు చెప్పాలి కదా. ఉన్నాం అంటాను. అంతే."

"పిన్నీ, దాని జీవితంతో ఆడుకోకు. సముద్రం అవతల బ్రిటనీలో పెద్ద సంబరానికి బ్యాండ్లను ఎంచే ఆయన ఇవాళ వస్తున్నాడు. అది వారం నుంచి నిద్రపోలేదు. ఆ పాట వినడానికే వస్తున్నాడాయన."

"ఒక్క పాట లేకపోతే పోయే అవకాశమా అది?"

"నలుగురిలో దాని పరువు పోతుంది."

"దాని పరువా?" అని మాత్రం అని, పర్సులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి నాకొకటిచ్చింది. నేను బిళ్ళ చప్పరిస్తూ, పిల్ల కోసమే ఇదంతా అని నాకు నేను చెప్పుకుంటూ కిల్‌బ్రాకా దాకా కారు నడిపాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

పబ్బు కిక్కిరిసి ఉంది. తలుపులు బార్లా తీసి పెట్టారు, సముద్రం వైపు కిటికీల్లోంచి ఎండ పడుతోంది, సగం జనం నల్ల బీరు గ్లాసులు పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డారు. ముసలావిడను చూసి ఎవరో దారిచ్చారు, ఎవరో ముందు వరసలో బల్ల ఖాళీ చేయించారు. నాకు వెనకాల మూల కావాలి. ముందు వరసలో కూర్చోవాల్సొచ్చింది. పక్క బల్ల దగ్గర ఒకావిడ హ్యాం శాండ్‌విచ్‌ల పళ్ళెం మా ముందుకు తోసింది. పేరు ఇమెల్డా అట. మా వైపు ఎవరైనా మొదట అడిగే ప్రశ్న అడిగింది.

"మీరు ఎవరి తాలూకు?"

"లెనిహన్లం. ఎన్నిస్ అవతల" అన్నాను. నేను అంత తొందరగా చెప్పాల్సింది కాదు. పిన్ని శాండ్‌విచ్ విప్పి లోపల ఆవాల ముద్ద ఉందో లేదో చూసుకుంటోంది.

"ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా మీకు?"

"ఎవరూ లేరు."

ఇంతలో బ్యాండు ఎక్కింది. గిటారు వాయించే ఫింటన్ అనే పొడుగాటి కుర్రాడు మైకులో, "కిల్‌బ్రాకా, బతికే ఉన్నారా?" అన్నాడు. "నీకంటే నయం" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నవ్వులు. మా పిల్ల వచ్చి మధ్యలో నిలబడింది. జుట్టు విరబోసుకుని, మోకాలి దగ్గర చినిగిన ప్యాంటు, తాత కాన్సర్టీనా. మమ్మల్ని చూసింది. నన్ను చూసి దాని ముఖం ఎంతలా వెలిగిందో చెప్పలేను. ఏడాదిపాటు దీనికి ఈ కాస్త ఇవ్వలేకపోయానా అని నాకు ఏడుపొచ్చింది.

వాయించడం మొదలుపెట్టారు. విన్న మాటలు చాలా తక్కువ చెప్పాయి. ఫిడేలు అమ్మాయి రీల్ అనే గంతుల బాణీ ఎత్తుకుంటే నేల కంపించింది. బల్లల మీద గ్లాసులు జరుగుతుంటే మోచేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. బొజ్జలూ బట్టతలలూ ఉన్న పెద్దమనుషులు కుర్చీల మధ్య ఉన్న జానెడు చోటులో కాళ్ళు ఆడించారు. ఒక పాత శోకగీతం తీసుకుని ఈమర్ వాద్యాలేవీ లేకుండా ఒక్క గొంతుతో పాడితే, బయట రోడ్డు మీద ఉన్నవాళ్ళు కూడా నోళ్ళు మూసుకున్నారు. ఇమెల్డా కళ్ళు తుడుచుకుని, "ఎవరి పిల్లో గానీ తల్లి కడుపు చల్లగా" అంది. మా పిల్లే అని అప్పుడైనా చెప్పలేకపోయాను. ఈమర్ మళ్ళీ పెట్టె అందుకోగానే నోనీ పిన్ని మాత్రం కర్ర చివరతో నేల మీద తాళం వేస్తూ, "వాళ్ళ ముత్తాత చేతి తీరే అచ్చంగా" అని గొణిగింది. నేను వినబడనట్టు ఊరుకున్నాను.

అప్పుడు ఈమర్ మైకు చేతిలోకి తీసుకుంది. జనానికి తెలిసిపోయింది, ఈలలు మొదలయ్యాయి.

"ఇది ఈ ఊరి పాట. అందుకని ఇవాళ మర్యాదగా అడుగుతున్నాను" అంది. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని గదంతా వెతుకుతున్నట్టు నటించింది. ముఖం మీద దీపాల వెలుగు పడుతోంది, దానికి ఎవరూ కనబడరు. "థేడీ తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా లోపల?"

"లేరు" అని పబ్బంతా అరిచింది.

నోనీ పిన్ని చెయ్యి బల్ల అంచు మీదికి వచ్చింది. లేవడానికి బలం తీసుకుంటోంది. ఆవిడకు లేవడానికి కాస్త సమయం పడుతుంది. నేను ఆ మణికట్టు పట్టుకున్నాను.

"వినబడలేదు. ఉన్నారా?" అంది ఈమర్.

"లేరు."

పిన్ని ఇంకా లేవబోయింది. నేను ఇంకా బిగించాను. గట్టిగానే బిగించాను, దాచుకోవడమెందుకు. పక్షి కాలంత సన్నటి మణికట్టు. బల్ల కింద, ఎవరికీ కనబడకుండా. ఆవిడ తల తిప్పి నా ముఖంలోకి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. చిన్నపిల్ల ఏదో పాడు పని చేస్తుంటే చూసినట్టు చూసింది.

"ఆఖరిసారి అడుగుతున్నా. థేడీ తాలూకు వాళ్ళెవరైనా?"

"లేరు" అని ఇల్లు ఎగిరిపోయేలా కేక. డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. పిన్ని కుర్చీలో వెనక్కి వాలింది. నేను చెయ్యి వదిలేశాను. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. రెండో చరణం దగ్గర వాళ్ళకొక ఆట ఉందట, అది నాకెవరూ చెప్పలేదు. జనంలోంచి ఒకరిని థేడీని చేస్తారు. నెత్తిన షాలు వేసి, చంకలో రబ్బరు కోడిని పెట్టి, చీపుళ్ళు తుపాకుల్లా పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళ మధ్యలోంచి నడిపిస్తారు. మామూలుగా లావుపాటి మగవాణ్ణి ఎంచుతారట. ఈమర్ పాడుతూనే షాలు పట్టుకుని దిగి వచ్చింది. ఇమెల్డా లేచి మా పిన్నిని చూపిస్తూ, "ఈవిడను, ఈవిడను" అంది. పక్క బల్లలవాళ్ళు అందుకున్నారు. ఈమర్ మా ముందు ఆగింది, చెమటతో, నవ్వుతో.

"నోనీ అమ్మమ్మా, వస్తావా?"

"వద్దు, ఆవిడకు కాళ్ళ నొప్పులు" అన్నాను.

"వస్తా" అంది పిన్ని.

పిల్లే స్వయంగా ఆవిడ నెత్తిన షాలు కప్పింది, గడ్డం కింద సర్దింది. చంకలో రబ్బరు కోడి. పిన్ని ముత్యాలు సరిచేసుకుని, కర్ర నా ఒళ్ళో పెట్టి నడిచింది. నడవాల్సింది వంగి వంగి. అందరూ అదే పాడుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, వంగి వంగి అని. ఆవిడ వంగలేదు. ఎప్పుడూ కాస్త వంగి నడిచే మనిషి ఆ రోజు నడుం నిటారుగా పెట్టి నడిచింది, బల్ల అంచులు పట్టుకుంటూ. చీపురు కుర్రాళ్ళు, "పో అవ్వా, పో" అని దారిచ్చారు. పబ్బు అదిరిపోయింది. పాట ఆగింది. ఈమర్ ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి మైకు నోటి దగ్గర పెట్టింది.

"ఇంత బాగా నడిచిన థేడీ మాకు ఇంతవరకు దొరకలేదు. పేరు చెప్పు అమ్మమ్మా, అందరికీ."

"నోనీని" అంది పిన్ని. "థేడీ కూతుర్ని."

నవ్వులు. ఆ మధ్యాహ్నం అంత నవ్వు ఇంకే మాటకూ రాలేదు. బల్లలు చరిచారు. ఇమెల్డా నా భుజం మీద కొట్టి, "మీ పిన్ని నవ్వించి చంపేసింది" అంది. ఫింటన్ గిటారు మీద ఒక్క మోత మోగించాడు. ఈమర్ కూడా నవ్వింది, తల వెనక్కి వేసి. నవ్వుతూనే ఆవిడ ముఖం చూసింది. పిన్ని నవ్వడం లేదు. షాలు అంచుల మధ్య నుంచి ఊరికే చూస్తోంది, జవాబు చెప్పేసిన మనిషిలాగ. ఈమర్ నవ్వు మెల్లిగా ఆగిపోయింది. ఆవిడ తల మీదుగా నా వైపు చూసింది.

"అమ్మా?"

మైకు ఇంకా దాని చేతిలోనే ఉంది. ఆ మాట అందరికీ వినబడింది. అందరూ నా వైపు తిరిగారు. దాని కళ్ళు నన్నే అడుగుతున్నాయి. ఇప్పుడు ఎవరూ ఆట ఆడటం లేదు, నిజంగానే అడుగుతున్నారు. ఒక్క మాట చాలు. నిజం అంటే చాలు, తల ఊపినా చాలు.

"మా పిన్నికి వేళాకోళం ఎక్కువ" అన్నాను. "చిన్నప్పట్నుంచీ అంతే."

అని నవ్వాను. అందరూ నాతో కలిసి నవ్వారు. ఆ నవ్వు నా గొంతులోంచే వచ్చిందని ఇప్పటికీ నమ్మలేను. కోడిలా కూసిన ఆ బడిపిల్ల నవ్వు కూడా అంత చేదుగా ఉండి ఉండదు.

పిన్ని షాలు తానే తీసింది. చక్కగా నాలుగు మడతలు పెట్టి ఈమర్ చేతికిచ్చింది, కోడిని దాని మీద పెట్టింది. వచ్చి నా పక్కనే కూర్చుంది. లేచి దూరంగా వెళ్ళిపోతుందేమో అనుకున్నాను, వెళ్ళిపోతే బాగుండుననుకున్నాను. బ్యాండు ఏదో రీల్ ఎత్తుకుంది, ఈమర్ వేళ్ళు తడబడుతున్నాయి. ఆ మోతలో నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఖాళీ పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాను.

"పిన్నీ, నన్ను తిట్టు" అన్నాను చివరికి.

"ఎందుకు తిట్టడం." నా చెవి దగ్గరకు వంగింది. "ఒకసారి మిల్‌టౌన్ సంతలో ఎవడో ఈ పాట పాడాడు. నేను చిన్నపిల్లని, నాన్న చెయ్యి పట్టుకుని ఉన్నా. అక్కడ మేమెవరమో ఎవరికీ తెలియదు. అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు డింప్నా. అందరికంటే గట్టిగా, అచ్చం నీలాగే. నువ్వు వద్దనుకున్నా నువ్వు ఆయన మనవరాలివే."

తిట్టినా ఇంత తగలదు. తాతను గేటు దాకా రానివ్వని రోజులన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

వాయిద్యాలు ఆగాయి, బ్యాండుకు విశ్రాంతి ఇచ్చారు. బ్రిటనీ ఆయన, నీలం చొక్కా మనిషి, చెయ్యి చాచుకుని ఈమర్ వైపు వస్తున్నాడు. అది ఆయన్ను దాటుకుని, "ఒక్క నిమిషం" అని కూడా అనకుండా మా బల్ల దగ్గరికి వచ్చింది. కుర్చీ లేదు. పిన్ని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎవరమ్మా థేడీ?" నన్నే అడిగింది.

"మా తాత" అన్నాను. పళ్ళెం వైపు చూస్తూ అన్నాను.

"వినబడలేదు" అంది పిన్ని. పక్కింటి పిల్లి నడిస్తే వినబడే మనిషి. "ఇందాక అంత గట్టిగా నవ్వావు కదా, అంత గట్టిగా చెప్పు."

"థేడీ మా తాత. నన్ను పెంచినాయన." గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ఇమెల్డా చేతిలో శాండ్‌విచ్ నోటి దగ్గరే ఆగింది. ముందు బల్లల దగ్గర మాటలు తగ్గాయి. "నువ్వు వాయిస్తున్న పెట్టె ఆయనదే. సంతలో కొన్నది కాదు."

ఈమర్ ఏడుస్తుందో, నన్ను నాలుగు దులుపుతుందో అని చూస్తున్నాను. అది పిన్ని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది, క్షమించమని అడగబోయింది కాబోలు. కోటు చెయ్యి పైకి జరిగింది. ముసలి చర్మం, తాకితే కందిపోతుంది. మణికట్టు చుట్టూ నా వేళ్ళు ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడల్లా ఊదాగా తేలింది.

"ఇదేమిటి నోనీ అమ్మమ్మా? ఎవరు చేశారిది?"

పిన్ని చెయ్యి వెనక్కి లాక్కుని కోటు కిందికి దించుకుంది. "ఏం లేదులే తల్లీ. బల్ల తగిలింది."

ఆవిడ నా వైపు చూడలేదు. నన్ను వదిలేసింది. ఆ అబద్ధం వెనకాల నేను మళ్ళీ హాయిగా కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు.

"నేను" అన్నాను. "లేచి చెప్పబోతే పట్టుకుని కూర్చోబెట్టాను."

పక్క బల్లల దాకా వినబడేలా అన్నాను.